పెళ్లి కాని తాతను ఎక్కడ రాయాలి?

మన తాండాలకు ఒకప్పుడు ఢాడీలు వచ్చేవాళ్లు. తీగల వాద్యం మీటుకుంటూ రాఠోడ్, పమార్, చౌహాన్, వడిత్య అని ఒక్కో గోత్రాన్ని ఎత్తుకుని, మన తాతముత్తాతల పేర్లు వరుసగా పాడేవాళ్లు. కాగితం లేని కాలంలో వాళ్ల గొంతే మనకు రికార్డు రూము. ఎవరిది ఏ గోత్రమో, ఎవరికి ఎవరితో పెళ్లి కుదురుతుందో, ఎవరితో కుదరదో ఆ పాటను బట్టే తేలేది. పాడినందుకు ప్రతి ఇంటివాళ్లూ తమకు చేతనైనది ఇచ్చి పంపేవాళ్లు.

ఆ పాటకు ఒక పద్ధతి ఉంది. ఫలానా వాడికి ఫలానా వాడు, వాడికి ఇద్దరు, ఆ ఇద్దరిలో పెద్దవాడికి ముగ్గురు. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి. ఆడవాళ్ల పేర్లు అందులో తక్కువ. పెళ్లి కానివాళ్ల పేర్లు, పిల్లలు లేనివాళ్ల పేర్లు అంతకన్నా తక్కువ. ఇందులో ఢాడీల తప్పేమీ లేదు. వాళ్లు పాడింది సంతానం లెక్క. ఇవాళ మనం నింపే కాగితాలదీ అదే లెక్క కదా. కుల ధ్రువీకరణ పత్రానికి తండ్రి పేరు కావాలి, అనుమానం వస్తే తాత కాగితాలు కావాలి. తాత తమ్ముడి పేరు ఏ ఆఫీసులోనూ ఎవరూ అడగరు.

మా హాస్టల్లో ఒక ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలు సోషల్ ప్రాజెక్టు కోసం వంశవృక్షాలు గీస్తున్నారు. ఒక పాప చార్టు పట్టుకొచ్చి, "మేడమ్, మా తాతకు ఒక తమ్ముడు ఉండేవాడంట. పెళ్లి చేసుకోలేదంట. ఆయన్ను ఎక్కడ రాయాల?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పిల్ల, "రాయక్కర్లేదులేవే, ఆయనకు కింద ఎవరూ లేరు కదా" అని తేల్చేసింది. పన్నెండేళ్ల పిల్ల అంత సులువుగా ఒక మనిషిని చార్టులోంచి తీసేసింది. అట్లా చోటు దొరకని వాళ్ల గురించే ఈ వ్యాసం.

ముందే ఒక మాట. పెళ్లి కానివాళ్లందరూ ఒక రకం కాదు. కొందరికి జబ్బు, కొందరికి పేదరికం, కొందరికి మొక్కు, కొందరికి ఇష్టం లేకపోవడం. కానీ వాళ్లలో కొందరు ఈ రోజుల్లో అయితే తమను తాము క్వియర్ అని చెప్పుకునేవాళ్లు. ఈ మాట ఇంగ్లీషుది, మీ ఫోన్లలో చూసే ఉంటారు. పుట్టినప్పుడు ఆడ అనో మగ అనో రాసిన దానికీ తమ మనసుకూ పొంతన కుదరనివాళ్లు, మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు, ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్లు, వీళ్లందరికీ కలిపి వాడే మాట అది. మాట కొత్తది, మనుషులు పాతవాళ్లే. పేడి అనే మాట తెలుగులో ఏనాటి నుంచో ఉంది. విరాటరాజు కొలువులో ఉత్తరకు నాట్యం నేర్పిన బృహన్నల కథ వినని ఊరు రాయలసీమలో ఉండదు. బస్టాండుల్లో, హాస్టల్ మెట్ల మీద వాడే మిగతా మాటలు మీకు తెలుసు. వాటిని నేనిక్కడ రాయను.

ఇది నాకెందుకు పట్టిందంటే, నేను చూసినంతలో రెండు మూడేళ్లకు ఒక్కరైనా అట్లాంటి పిల్లలు ఎదురవుతారు. నడకను వెక్కిరిస్తారు, గొంతును వెక్కిరిస్తారు, భోజనాల వరుసలో తోస్తారు. అడ్డుకుంటాం, మందలిస్తాం. అయినా ఒక్కో పిల్లవాడు పండక్కి ఇంటికి పోయి మళ్లీ రాడు. టీసీ కోసం తండ్రి వస్తాడు. కుర్చీలో కూర్చోడు. "మా వంశంలో ఇట్లాంటిది లేదు మేడమ్" అంటాడు. ఆ పిల్లవాడు కూడా అదే నమ్ముతాడు, తన రక్తంలో తనే మొదటివాడినని. ఆ మాట నిజమో కాదో తేల్చాలంటే సలహాలు పనికిరావు, చరిత్ర కావాలి.

చరిత్రలో మన జాతులకూ హిజ్రాలకూ ఒక చేదు చుట్టరికం ఉంది. మన సభల్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. దాని మొదటి భాగం కొన్ని జాతులకు జాతులనే పుట్టుకతో దొంగలని ముద్ర వేసి, పేర్లు రిజిస్టరులో ఎక్కించి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోమంది. ఈ సంగతి మీకు తెలుసు. 1911లో కొత్త చట్టంగా అది మద్రాసు రాజధానికీ వచ్చింది. మన ఎరుకల సోదరులను 1913–14 ప్రాంతంలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. విముక్త జాతుల వాళ్లు ఆ రోజును ఇప్పటికీ పండుగలా జరుపుకుంటారు.

చాలామందికి తెలియనిది 1871 చట్టం రెండో భాగం. అది ఆ రోజుల్లో నపుంసకులని ప్రభుత్వం పిలిచిన వాళ్ల గురించి. వాళ్లకూ ఒక రిజిస్టరు, వాళ్ల ఆస్తికీ ఒక రిజిస్టరు. ఆ రిజిస్టరులో పేరున్న మనిషి ఆడవాళ్ల బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనిపించినా, వీధిలో ఆడినా, వాయిద్యం వాయించినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు వేయవచ్చు. అంతటితో ఆగలేదు. అట్లాంటి మనిషి మైనరు బిడ్డకు సంరక్షకుడు కాకూడదు. వీలునామా రాయకూడదు. ఆస్తిని దానంగా ఇవ్వకూడదు. కొడుకును దత్తత తీసుకోకూడదు.

ఈ నిషేధాలను ఇంకోసారి చదవండి. వేషం, ఆట, పాట ఒక వైపు. దత్తత, వీలునామా, సంరక్షణ ఇంకో వైపు. కడుపున పిల్లలు పుట్టని మనిషి తన తర్వాతి తరానికి ఏదైనా అందించాలంటే ఉండే దారులు ఇవే: దగ్గరికి తీసి పెంచడం, ఉన్నది రాసివ్వడం, వచ్చిన విద్య నేర్పడం. చట్టం సరిగ్గా వాటినే వెతికి మూసింది. వంశవృక్షంలో వాళ్లకు కింద ఎవరూ లేరని మనం అంటున్నాం. కింద ఎవరూ లేకుండా చేయడానికి ఒక చట్టమే రాశారు.

ఈ రెండో భాగాన్ని ప్రధానంగా ఉత్తరాదిలో, నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో అమలు చేశారు. కానీ అదే మాదిరి చట్టం మన పొరుగున నిజాం రాజ్యంలోనూ వచ్చింది. 1329 ఫస్లీ అంటే 1919లో. రాజ్యం పోయింది, భాషా రాష్ట్రాలు వచ్చాయి, ఆ చట్టం మాత్రం ఆంధ్రప్రదేశ్ తెలంగాణ ప్రాంతపు చట్టంగా పుస్తకాల్లో ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకు వెళితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. కొట్టేసింది ఏ కాలం నాటి మాటో చూడండి. మీరు పదో తరగతి పరీక్షలు రాసిన రోజుల నాటి మాట.

ఇంకో సంగతి. 1956లో స్థానం నరసింహారావు గారికి, 1970లో కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి పద్మశ్రీ ఇచ్చారు. ఇద్దరూ స్త్రీ పాత్రలకు పేరుమోసిన మహానటులు. స్టేజీ మీద కట్టిన చీరకు పద్మశ్రీ, హైదరాబాదు వీధిలో కట్టిన చీరకు, కాగితం మీదైనా సరే, రెండేళ్ల జైలు. రెండూ ఒకే కాలంలో మన తెలుగు నేల మీద నడిచాయి.

రిజిస్టర్లు నేరాన్ని వెతికాయి, వంశావళులు సంతానాన్ని లెక్కపెట్టాయి. రెండింటిలోనూ మనం వెతికే మనుషులు సరిగా కనబడరు. మరి ఎక్కడ వెతకాలి? ఈ ప్రశ్నకు మన పక్కనే ఉన్న చెంచులు ఒక దారి చూపిస్తారు.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం ఎంతో దూరం లేదు. అక్కడి నరసింహస్వామి నల్లమలలో చెంచుపిల్లను ప్రేమించి పెళ్లాడాడు కాబట్టి చెంచులకు ఆయన ఇంటల్లుడు. దీనికి ఏ రిజిస్ట్రారు ఇచ్చిన పత్రం ఉంది? ఏదీ లేదు. కథ ఉంది, పాట ఉంది, ఆట ఉంది. కనుమ రోజు పారువేట మొదలవుతుంది. చెంచులు పల్లకి వైపు బాణాలు వేస్తారు. నలభై రోజులకు పైగా స్వామి పల్లకి ముప్పైకి పైగా గ్రామాలు తిరుగుతుంది. తన పెళ్లికి తనే పిలవడానికి వచ్చాడని ఊళ్లు ఎదురెళతాయి. ఈ కథనే ఓబయమంత్రి గరుడాచలం అనే యక్షగానంగా రాశాడు. 1943లో ఒకసారి, 1958లో అంజలీదేవి చెంచులక్ష్మిగా ఇంకోసారి సినిమాలు వచ్చాయి. ఆస్తి కాగితాలు లేని అడవి మనుషులు ఒక చుట్టరికాన్ని ఇన్ని వందల ఏళ్లు పోకుండా కాపాడుకున్నారంటే అది కళ వల్లనే. ఆ చుట్టరికం నిజమేనా అని గుడి ముందు నిలబడి ఎవరూ అడగరు.

ఇంకొంచెం లోపలికి వెళితే మరో సంగతి కనిపిస్తుంది. ఊరి వీధి నాటకాల్లో చెంచులక్ష్మి వేషం చాలాకాలం మగవాళ్లే కట్టారు. ఆడవాళ్లు గజ్జె కట్టడానికి ఊరు ఒప్పుకోని రోజులవి. అంటే మన అమ్మమ్మలు చూసి, తమ ఆడబిడ్డ అనుకుని కన్నీళ్లు పెట్టుకున్న చెంచులక్ష్మి చాలాసార్లు ఒక మగవాడు.

వేషం సంగతి వచ్చింది కాబట్టి శ్రీశైలం వెళదాం. అదీ మన నంద్యాల జిల్లాలోనే ఉంది. చైత్ర పౌర్ణమి దాటాక వచ్చే మంగళవారమో శుక్రవారమో భ్రమరాంబ అమ్మవారికి కుంభోత్సవం జరుగుతుంది. ఒకప్పుడు జంతుబలులు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, నిమ్మకాయలు, రాశిగా పోసిన అన్నం. ఆ సాయంత్రం అమ్మవారికి కుంభహారతి ఇచ్చేది స్త్రీ వేషం కట్టిన పురుషుడు. మామూలు రోజుల్లో పూజ చేసే అర్చకులు ఎంతమంది ఉన్నా, ఉగ్రంగా ఉన్న తల్లి ఎదుట ఆ రాత్రి నిలబడవలసింది ఆ మనిషే.

ఆదోని వైపు సంతెకుడ్లూరులో హోళీకి మగవాళ్లు చీరలు కట్టి, నగలు పెట్టుకుని, పూలు పెట్టుకుని రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. టీవీల వాళ్లు ఏటా వచ్చి నవ్వుతూ చూపిస్తారు. ఆ ఊరివాళ్లు నవ్వరు, అది వాళ్లకు మొక్కు. తిరుపతి గంగమ్మ జాతరలో కూడా అంతే. రోజుకో వేషం, వాటిలో మగవాళ్లు ఆడవేషం కట్టడం మొక్కులో భాగం. ఇంట్లోవాళ్లే దగ్గరుండి చీర కుచ్చిళ్లు సర్దుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది చదివి, చీర కట్టిన ప్రతి తాతా క్వియరే అనుకుంటే అది చరిత్ర కాదు, కోరిక. మొక్కు వేరు, వృత్తి వేరు, మనసు వేరు. సంతెకుడ్లూరులో చీర కట్టినవాళ్లలో నూటికి ఎక్కువమంది తెల్లారి పంచె కట్టుకుని పొలానికి పోతారు. మరి ఈ వేషాలు మనకు చెప్పేదేమిటి? ఊరికి ఒక వాకిలి ఉండేదని. ఏడాదికి ఒక్కరోజో రెండు రోజులో, మగ శరీరం మీద చీరను ఊరంతా చూసి దండం పెట్టే వాకిలి. మొక్కు కోసం వచ్చినవాళ్లు అందులోంచి వచ్చి పోయారు. ఆ ఒక్కరోజు కోసం ఏడాదంతా ఎదురుచూసినవాళ్లు కూడా అందులోంచే వచ్చి ఉంటారు. ఎవరు ఏమిటో బయటివాళ్లకు తెలియదు. ఇంట్లో ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది. వెతుకులాట అక్కడ మొదలవుతుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. మా తాతకు ఒక తమ్ముడు ఉండేవాడని మా నాయనమ్మ చెప్పేది. మేమెవరం ఆయన్ను చూడలేదు. అందరూ కాకా అనేవాళ్లట. మన తాండాల్లో అద్దాల కుట్టు ఆడవాళ్ల పని అని మీకు తెలుసు. కాంచళికి, ఫేటియాకు, తుక్రికి ఎన్ని అద్దాలు, ఎన్ని గవ్వలు, ఏ రంగు దారం పక్కన ఏ రంగు అనేది తల్లి కూతురికి నేర్పుతుంది. కాకా ఆ కుట్టు తన యాడి దగ్గర నేర్చుకున్నాడు. నేర్చుకోవడమే కాదు, తాండాలో పెళ్లికూతురి బట్టలు ఆయన చేతిమీదుగా పోతే గానీ పెళ్లివాళ్లకు తృప్తి ఉండేది కాదట. హోళీకి లెంగీ పాటలు ఎత్తుకునేదీ ఆయనే, ఫేటియా కట్టుకుని ఆడేదీ ఆయనే. పెళ్లి మాట ఎత్తితే రెండు రోజులు ఇంటికి వచ్చేవాడు కాదు. మూడోసారి తర్వాత మా ముత్తాత ఆ మాట ఎత్తడం మానేశాడు.

మా నాయనమ్మ ఈ కథను ఎప్పుడూ నవ్వుతూ చెప్పలేదు, ఏడుస్తూ చెప్పలేదు. వంట చేస్తూ చెప్పేది. "మీ నాయనను నేను కన్నాను గానీ పెంచింది ఆయనే. పంటకోతకు పోతే ఉయ్యాల ఊపేది ఎవరనుకున్నావు?" అనేది. ఆయన కుట్టిన ఒక సంచి ఆమె దగ్గర ఉండేది. కాకా క్వియరా అంటే నేను అవుననను, కాదననూ అనను. ఆయన ఆ మాట వినలేదు, ఆయన్ను అడిగే వీలు లేదు. నాకు తెలిసింది ఇంతవరకే: ఆయన పెళ్లి చేసుకోలేదు, ఆడవాళ్ల విద్యలో ఆరితేరాడు, హోళీకి ఆడవేషంలో ఆడాడు, మా నాన్నను పెంచాడు, ఇల్లు ఆయన్ను వెళ్లగొట్టలేదు. మా వంశంలో ఇట్లాంటిది లేదు అని నేను మాత్రం అనలేను. మీలో ఎంతమంది అనగలరో ఇంట్లో అడిగి చూడండి.

ఇంతకూ పూర్వీకుడు అంటే ఎవరు? కన్నవాడేనా? ప్రతి ఫిబ్రవరి 15న మనం ఎవరి జయంతి చేస్తాం? 1739లో గుత్తి ప్రాంతంలో, ఇవాళ మనం సేవాగఢ్ అని పిలుచుకునే చోట పుట్టిన సంత్ సేవాలాల్ మహరాజ్‌ది. ఆయన జీవితాంతం బ్రహ్మచారి అనే మన పెద్దలు చెబుతారు. ఆయనకు కొడుకు లేడు, మనవడు లేడు. ఢాడీ లెక్కలో ఆయన కింద గీత లేదు. అయినా దేశంలో ఏ మూలన ఉన్న లంబాడీ అయినా ఆయన్ను బాపు అనే అంటాడు. సేవాలాల్ బాపు సంగతి వేరు, ఆయనది తపస్సు. ఆయన్ను ఈ వ్యాసంలోని మిగతా విషయంతో నేను ముడిపెట్టడం లేదు, మీరూ పెట్టకండి. నేను చూపిస్తున్నది ఒక్కటే: పిల్లలు లేని మనిషిని తండ్రిగా చెప్పుకోవడం మన జాతికి ఎప్పుడో వచ్చు. మాటల్లో, భజనల్లో, భోగ్‌లో మనం ఆయన్ను తరం నుంచి తరానికి అందించుకున్నాం. అంత పెద్ద మనిషికి చేతనైన పనిని ఇంటి కాకాకు చిన్నగా చేయలేమా?

కళ ద్వారా వంశం సాగడం మన పొరుగు జిల్లా బళ్లారిలో ఇంకా బాగా కనిపిస్తుంది. అక్కడ ఎల్లమ్మ తల్లికి అంకితమైన జోగతుల సంప్రదాయం ఉంది. మగపిల్లలుగా పుట్టి, ఆడవాళ్లుగా బతికేవాళ్లు అందులో ఉన్నారు. ఇంట్లోంచి బయటికి వచ్చిన ఒక్కొక్కరికి ఒక గురువు, ఆ గురువుకు ఇంకో గురువు. ఆటా పాటా ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. రక్తం లేదు గానీ వరస ఉంది. ఆ జోగతి నృత్యంతో ఊరూరా తిరిగిన మంజమ్మ జోగతి 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. అవార్డు తీసుకోవడానికి వెళ్లి, రాష్ట్రపతి ముందు చీర కొంగుతో దిష్టి తీసినట్టు దీవించారు. ఆ వీడియో మీరు చూసే ఉంటారు. ఆ కొంగు విసురు ఆమెకు బడిలో వచ్చింది కాదు, తన ముందుతరం జోగతుల నుంచి వచ్చింది.

మనలాంటి జాతులు వేరే దేశాల్లోనూ ఇదే వెతుకులాటలో ఉన్నాయి. అమెరికాలో జూనీ అనే ఆదివాసీ జాతి ఉంది. మగవాడిగా పుట్టి ఆడవాళ్ల పనులు, ఆడవాళ్ల బట్టలు ఎంచుకున్నవాళ్లను వాళ్లు లామనా అనేవాళ్లు. వాళ్లలో వీవా అనే ఆమె మగ్గం నేతలో, కుండల పనిలో పెద్ద చేయి. 1886లో తన జాతి తరఫున వాషింగ్టన్ వెళ్లి, అక్కడ మ్యూజియం వాళ్లకు నేత నేసి చూపించి, అధ్యక్షుడు క్లీవ్‌లాండ్‌ను కలిసి వచ్చింది. 1896లో చనిపోయింది. ఆ తర్వాత మిషనరీ బడులు, ప్రభుత్వ ఏజెంట్లు చాలా జాతుల్లో అట్లాంటి మనుషులను సిగ్గుపడేలా చేశారు. మనవళ్లు ఆ తాతలను మరిచిపోయారు, మరిచిపోయినట్టు నటించారు కూడా. 1990లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఆదివాసీలు ఒక సమావేశం పెట్టుకుని, బయటివాళ్లు పెట్టిన పేర్లు మాకొద్దు, రెండు ఆత్మల మనుషులు అని మమ్మల్ని మేమే పిలుచుకుంటామన్నారు. వీవా ఫొటోలు ఇవాళ ఆ యువత చేతుల్లో ఉన్నాయి. మగ్గం ముందు కూర్చున్న ఫొటో చూశాక, అద్దాల సంచి కుట్టిన మా కాకా నాకు అంత ఒంటరివాడిగా అనిపించలేదు.

మన చట్టం కూడా కొంత దారికి వచ్చింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో, తాను ఆడో మగో మూడో వర్గమో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అంది. 2018 సెప్టెంబర్ 6న, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదంది. ఇంట్లో "కేసవుతుంది" అని ఎవరైనా బెదిరిస్తే ఈ రెండు తేదీలు చెప్పండి. బడిలో గానీ హాస్టల్లో గానీ పిల్లను పిల్లవాడిని దీనికోసం బయటికి పంపే అధికారం ఎవరికీ లేదు.

ఇక పని సంగతి. ఈ సంచిక చదివే మీలో బొమ్మలు గీసేవాళ్లు ఉన్నారు, రీల్స్ చేసేవాళ్లు ఉన్నారు, పాట కట్టేవాళ్లు ఉన్నారు. వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ముసలివాళ్లను నేరుగా "మనింట్లో ఎవరైనా అట్లాంటివాళ్లు ఉండేవాళ్లా?" అని అడగకండి. లేరనే చెబుతారు, పైగా నీకెందుకు ఈ ప్రశ్న అంటారు. వస్తువు నుంచి మొదలుపెట్టండి. ఈ తుక్రి ఎవరు కుట్టారు? హోళీకి ముందు నిలబడి పాడింది ఎవరు? నాటకంలో ఆడవేషం ఎవరు కట్టేవాళ్లు? పెళ్లి చేసుకోకుండా ఉన్నది ఎవరు, వాళ్లు ఎవరింట్లో తిన్నారు, చివర్లో నీళ్లు పోసింది ఎవరు? ఇద్దరు ఆడవాళ్లు ఒకే గుడిసెలో ముసలివాళ్లయ్యేదాకా ఉన్న కథ మీ గూడెంలో ఉందా? ఆడవాళ్ల కథలు మగవాళ్ల కథలకన్నా గట్టిగా దాగి ఉంటాయి. వాటికి వేషం లేదు, పండగ లేదు. "ఇద్దరూ అక్కచెల్లెళ్లలా ఉండేవాళ్లు" అన్న ఒక్క వాక్యమే దొరుకుతుంది. ఆ వాక్యాన్నే రాసుకోండి, దానికి మీ సొంత ముగింపు చేర్చకండి.

దొరికినదాన్ని బొమ్మగా గీయండి, పాటగా కట్టండి, చిన్న నాటకం వేయండి. ఆళ్లగడ్డ శిల్పులు రాయిని ఎట్లా పడతారో చూశారు కదా. కొలతలు తెలిసిన చోట ఉలి ధైర్యంగా పోతుంది, తెలియని చోట ఆగి గీత గీసుకుంటారు. మీరూ తెలిసింది తెలిసినట్టు వేయండి, ఊహించిన చోట ఇది నా ఊహ అని అక్కడే రాయండి. కాకా ముఖం నాకు తెలియదు. నేను గీసిన బొమ్మలో ముఖం లేదు, సూది పట్టిన చేతులున్నాయి.

బతికి ఉన్నవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. మీ మేనత్త గురించి మీకు ఏదో అర్థమైందని వాట్సాప్ గ్రూపులో పెట్టడం చరిత్ర కాదు, ద్రోహం. వాళ్లు చెప్పుకుంటే వినండి, ఫొటో పెట్టమంటేనే పెట్టండి. స్నేహితుడి గురించి తెలిసినా అంతే. చనిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కూడా, వాళ్లను చూసినవాళ్లు ఇంట్లో ఉంటే రాసింది ముందు వాళ్లకు చదివి వినిపించండి. మా చిన్నత్తకు ఈ వ్యాసంలో కాకా భాగం చదివి వినిపించాను. రెండు చోట్ల సరిచేసింది. పెళ్లి మాట ఎత్తితే ఒక్కరోజు కాదు, రెండు రోజులు రాలేదంది. ఉయ్యాల సంగతి రాసి తీరాలంది.

బొమ్మ వెనకవైపు పెన్సిలుతో రాసుకోండి: ఎవరి కథ, ఏ తాండా, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు. బాల్‌పెన్నుతో వద్దు, ఇంకు అవతలి వైపుకు దిగుతుంది. చెప్పినవాళ్లు పేరు రాయొద్దంటే "మా నాయనమ్మ" అని రాయండి, చాలు. వంశవృక్షం చార్టు కూడా ఉంటే, తాత పక్కన ఒక అడ్డగీత గీసి తమ్ముడి పేరు రాయండి. కింద గీత లేకపోతే ఆయన ఎవరిని పెంచాడో వాళ్ల దగ్గరికి చుక్కల గీత గీయండి.